కోపాన్ని ఘట్టాలుగా విడదీసిన పనితనం

కోపిష్టి మనిషికి మన ఇళ్ళలో రెండే వైద్యాలు. కోపం తెచ్చుకున్నవాళ్ళు చిన్నవాళ్ళయితే "తమాయించుకో" అంటారు. పెద్దవాళ్ళయితే ఇల్లంతా వాళ్ళ మొహం చూసి మసలుకుంటుంది. తమాయించుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. ఏ క్షణంలో మొదలుపెట్టాలి? చేతులు వణుకుతుంటే ఏం చెయ్యాలి? గొడవ అయిపోయాక కూడా కోపం దిగకపోతే రాత్రి ఎలా గడవాలి? ఈ ప్రశ్నలకు ఓపికగా, వరుసగా, చేసి చూసుకోదగ్గ జవాబులు కూర్చిన మనిషి రేమండ్ నొవాకో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో దశాబ్దాల పాటు పనిచేసిన సైకాలజిస్టు ఆయన. 1975లో వచ్చిన ఆయన పుస్తకం 'యాంగర్ కంట్రోల్'తో కోపానికంటూ విడిగా ఒక చికిత్స రూపుకట్టింది. ఇవాళ యాంగర్ మేనేజ్‌మెంట్ పేరుతో నడిచే చాలా కార్యక్రమాల వెనక ఆ పుస్తకం ఉంది.

ఆ చికిత్స ఎంతవరకు పనిచేస్తుందో తర్వాత చెబుతాను. ముందుగా దాని కట్టుబడి చూడాలి. కోపం మన మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుందని మనకు అనిపిస్తుంది. నొవాకో దాన్ని నెమ్మదిగా విప్పి, అందులో కొన్ని ఘట్టాలున్నాయని చూపించి, ఒక్కో ఘట్టంలో మనిషి చేతికి ఒక పని ఇచ్చారు. ఈ చికిత్స గొప్పతనమంతా ఆ విడదీతలోనే ఉందని నా నమ్మకం.

అప్పటి గాలి ఎటు వీచింది

1970ల మొదట్లో అమెరికాలో కోపం గురించి వినిపించే సలహా వేరు. 1970లో ఆర్థర్ జానోవ్ రాసిన 'ది ప్రైమల్ స్క్రీమ్' పుస్తకం సంచలనమైంది. గొంతు చించుకుని అరిస్తే లోపలి బాధ బయటపడుతుందని అందులోని బోధ. బృంద చికిత్సల్లో దిండ్లను బాదించేవారు. ఈ ఆలోచనకు వేరు 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద రాసిన పుస్తకం దాకా వెళుతుంది. అణిచిపెట్టిన ఉద్వేగం బయటికి రావాలని వారన్నారు. మనం కూడా "కడుపులో పెట్టుకోకు, కక్కెయ్" అంటుంటాం కదా, అదే నమ్మకం.

ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 2002లో అచ్చయింది. వాళ్ళు రాసిన వ్యాసాన్ని ఎవరో తీసిపారేసినట్టు చూపించి ముందు కోపం తెప్పించారు. తర్వాత కొందరిని ఆ విమర్శకుణ్ణే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దమన్నారు. ఇంకొందరిని ఒంటి వ్యాయామం గురించి ఆలోచిస్తూ గుద్దమన్నారు. మిగతావాళ్ళను ఊరికే కాసేపు కూర్చోబెట్టారు. మనిషిని తలుచుకుంటూ గుద్దినవాళ్ళకే కోపం ఎక్కువగా మిగిలింది. కసి తీర్చుకునే అవకాశం ఇచ్చినప్పుడు అందరికంటే తక్కువ దూకుడు చూపినవాళ్ళు ఊరికే కూర్చున్నవాళ్ళు.

నొవాకో ఈ ప్రయోగానికి చాలా ముందే వేరే దారి పట్టారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ మైకెన్‌బామ్ అప్పటికే రెండు పనులు చేస్తున్నారు. తొందరపాటు పిల్లలకు పని చేసేటప్పుడు తమతో తాము మాట్లాడుకోవడం నేర్పించారు. భయాలున్నవాళ్ళకు ఒత్తిడిని కొద్దికొద్దిగా రుచి చూపిస్తూ తట్టుకునే నేర్పు ఇచ్చారు. టీకాలో బలహీనపరిచిన క్రిమిని కొంచెం ఎక్కించి శరీరాన్ని సిద్ధం చేసినట్టే ఇదీ అని ఆ పద్ధతికి స్ట్రెస్ ఇనాక్యులేషన్ అని పేరు పెట్టారు. నొవాకో దాన్ని కోపానికి మలిచారు. తెచ్చుకున్న పనిముట్టు ఇంకొకరిదే, కానీ భయానికి చేసినదాన్ని కోపానికి సరిపోయేలా మలచడం చిన్న పని కాదు. భయపడే మనిషి తనకు చికిత్స కావాలని తానే వస్తాడు. కోపిష్టి మాత్రం ఎదుటివాడికే చికిత్స కావాలంటాడు.

కోపానికి ఇచ్చిన గౌరవం

ఆ చిక్కును ఆయన విప్పిన తీరు చూడండి. కోపం చెడ్డదని మొదలుపెట్టలేదు. కోపం చేసే పనులేమిటో ముందు లెక్కవేశారు. అది మనిషికి శక్తినిస్తుంది. ఏదో తేడాగా ఉందని ఎదుటివాళ్ళకు తెలియజేస్తుంది. లోపలి భయాన్ని, చిన్నతనాన్ని కప్పిపెట్టి మనల్ని కాపాడుతుంది. అదే కోపం ఆలోచనను చెదరగొడుతుంది, చెయ్యి ఎత్తేలా ఉసిగొల్పుతుంది. వీటన్నిటికీ తోడు ఇంకొక పని ఉంది. 'నిన్నేదో రెచ్చగొడుతోంది, ఇప్పుడు నువ్వేదో చెయ్యాలి' అని మనకే సూచన ఇస్తుంది. ఈ ఆఖరి పనిని పట్టుకునే నొవాకో చికిత్స మొత్తాన్ని నిలబెట్టారు.

కాబట్టి థెరపిస్టు మొదటి రోజు అడిగే ప్రశ్న "కోపం వస్తుందా?" అని ఉండదు. మనుషులమన్నాక రాకుండా ఉంటుందా. ఎన్నిసార్లు వస్తోంది? ఎంత తీవ్రంగా వస్తోంది? వచ్చాక ఎంతసేపు ఉంటోంది? దానివల్ల ఏం జరుగుతోంది, చేతికి పని చెబుతున్నారా, ఉద్యోగానికో సంసారానికో ముప్పు వస్తోందా, ఒంట్లో బాగుండటం లేదా? ఈ కొలతలతో అడిగేసరికి సంభాషణ స్వరం మారిపోతుంది. "మీరు కోపిష్టి" అంటే ఎవరైనా ఎదురుతిరుగుతారు. "వారంలో నాలుగుసార్లు వచ్చి, ఒక్కోసారి రెండు గంటలు ఉంటోంది" అన్నది ఆ మనిషి తానే చూసి చెప్పిన సంగతి. దాని మీద వాదన ఉండదు. దాన్ని తగ్గించుకోవచ్చు కూడా.

మంచి చికిత్సలో ఈ తొలి దశ తీరిగ్గా సాగుతుంది. ఇంటికి ఒక డైరీ పని ఇస్తారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏమనుకున్నారు, ఒంట్లో ఏమైంది, ఏం చేశారు, కోపానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు. చూడ్డానికి గుమాస్తా లెక్కలా పొడిగా ఉంటుంది. ఆ పొడితనం కావాలని పెట్టిందే. కథలా రాసుకుంటే మనిషి మళ్ళీ అదే కోపంలో మునిగిపోతాడు. గళ్ళు నింపితే కొంచెం ఎడంగా నిలబడి చూస్తాడు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక బ్యాంకు ఉద్యోగిని. కౌంటరులో రోజంతా ఓర్పుగా ఉంటుంది. ఇంటికి వచ్చి పదో తరగతి చదివే కొడుకు చేతిలో ఫోన్ చూడగానే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అరుస్తుంది, ఒకటి రెండుసార్లు కొట్టింది, తర్వాత ఏడ్చింది. "వాడే నాకు కోపం తెప్పిస్తాడు" అని ఆమె వాంగ్మూలం. మూడు వారాల డైరీ వేరే కథ చెబుతుంది. సాయంత్రం ఆరింటికే ఆమె కోపం పదికి నాలుగు దగ్గర ఉంది. మధ్యాహ్నం తిండి సరిగ్గా లేదు. పక్క సీటులోని ఆయన సెలవు పెట్టినప్పుడల్లా ఆయన పని కూడా ఈమె నెత్తిన పడింది. కొడుకు ఫోను నాలుగు నుంచి తొమ్మిదికి ఎక్కించిన మెట్టు మాత్రమే. ఈ సంగతి ఎవరైనా చెబితే ఆమె ఒప్పుకునేది కాదు. తన చేతిరాతలో చూసుకుంది కాబట్టి కాదనలేదు.

నాలుగు ఘట్టాలు

ఇక అసలు పనితనం దగ్గరికి వద్దాం. నొవాకో ఒక గొడవను కాలంలో నాలుగు ముక్కలు చేశారు. గొడవకు ముందు సిద్ధపడటం. ఎదురుపడి మాట తగిలిన క్షణం. ఒళ్ళు వేడెక్కే సమయం. అయిపోయాక దాన్ని తలుచుకునే వేళ. ప్రతి ముక్కలోనూ మనిషి తనతో తాను అనుకునే మాటలు ఉంటాయి. ఆ మాటలే కోపానికి నూనె పోస్తాయి లేదా వేడి తగ్గిస్తాయి. కాబట్టి ఆ నాలుగు చోట్లా ఏం అనుకోవాలో ముందుగా తయారుచేసుకుని, సాధన చేయాలి.

మొదటి ఘట్టంలో అడగాల్సింది, నేను ఇప్పుడు ఏ పని మీద వెళుతున్నాను అని. మన బ్యాంకు ఉద్యోగిని గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అనుకునే మాట ఇలా ఉండొచ్చు: "వాడి చేతిలో ఫోన్ ఉండే ఉంటుంది. నాకు కావాల్సింది వాడు చదవడం. వాణ్ణి ఓడించడం కాదు." ఇందులో గొప్ప తత్వమేమీ లేదు. చెయ్యాల్సిన పని మీదికి చూపు మళ్ళించడం ఒక్కటే ఉంది. అవమానం మీద చూపు ఉన్నంతసేపూ కోపం పెరుగుతుంది. పని మీదికి చూపు తిరిగితే దాని దారి మారుతుంది.

రెండో ఘట్టం ఎదురుపడిన క్షణం. కొడుకు తల ఎత్తకుండానే "అబ్బా, వచ్చావా" అన్నాడు. ఇక్కడ మాటలు పొట్టిగా ఉండాలి, ఎందుకంటే పొడుగు మాటలకు అప్పుడు తీరిక ఉండదు. "వాడు అలసిపోయాడేమో. ముందు అడుగుదాం." ఎదుటివాడి మాటకు ఇంకో అర్థం ఉండే వీలుందని మనసుకు తట్టించడమే ఇక్కడి నేర్పు. ఆ రెండో అర్థమే నిజమని నమ్మమని చికిత్స బలవంతపెట్టదు. నమ్మకపోయినా, రెండు అర్థాలు కనిపించిన మనిషి వెంటనే చెయ్యి ఎత్తడు.

మూడో ఘట్టంలో ఒళ్ళు ముందుకొస్తుంది. పళ్ళు బిగుసుకుంటాయి, మెడ నరాలు లాగుతాయి, గుండె దడదడలాడుతుంది, గొంతు లేస్తుంది. ఇక్కడ నొవాకో చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. మామూలుగా ఒంట్లో పుట్టిన ఈ వేడి కోపానికి రుజువవుతుంది: "చూడు, నా ఒళ్ళు మండిపోతోంది, వాడు ఎంత మాటన్నాడో!" ఈ చికిత్స ఆ గుర్తుకు ఇంకో అర్థం ఇస్తుంది. పళ్ళు బిగిశాయంటే ఊపిరి వదలాల్సిన వేళ అయిందన్నమాట. భుజాలు పైకి లేచాయంటే కిందికి దించాలి. కోపాన్ని పెంచే సూచనే నేర్పును మొదలుపెట్టే సూచన అయింది. మనిషి కొత్తగా ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కోపం తానే వచ్చి గుర్తుచేస్తుంది. ఎంత పొదుపైన ఏర్పాటో ఆలోచించండి.

నాలుగో ఘట్టాన్ని చాలామంది సలహాదారులు పూర్తిగా వదిలేశారు. గొడవ అయిపోయింది, అందరూ పడుకున్నారు. ఆమె మాత్రం పక్క మీద దొర్లుతూ అదే మాటను మళ్ళీ మళ్ళీ నమిలి, తాను అనాల్సిన జవాబులు అల్లుకుంటుంది. తెల్లారేసరికి కోపం నాలుగు దగ్గర సిద్ధంగా ఉంటుంది. మర్నాటి గొడవకు పునాది ఆ రాత్రి పడుతుంది. నొవాకో ఈ ఘట్టాన్ని మళ్ళీ రెండుగా విడగొట్టారు. విషయం తేలితే అనుకునే మాటలు వేరు, తేలకపోతే అనుకునే మాటలు వేరు. తేలితే: "ఈసారి అరవకుండా చెప్పగలిగాను." తేలకపోతే: "ఇది ఇవాళ తేలే సంగతి కాదు. ఆదివారం ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. ఇప్పుడు నిద్ర." జీవితంలో చాలా గొడవలు తేలవు. ఆ నిజాన్ని ముందే ఒప్పుకుని, తేలనివాటికీ చోటు పెట్టినవాళ్ళకు మనుషులు బాగా తెలుసు.

ఈ వాక్యాలు మనిషి సొంత మాటల్లో ఉండాలి. థెరపిస్టు రాసిచ్చిన "నేను ప్రశాంతంగా ఉన్నాను" లాంటి మాట కోపంలో అబద్ధంలా వినిపిస్తుంది, ఇంకా చిర్రెత్తిస్తుంది. "ఆగవే, వీడికి పదిహేనేళ్ళే" అని ఆమె తనతో తాను అనుకునే మాటకు ఉన్న బలం దానికి రాదు.

ఒళ్ళు, మనసు కలిపిన అతుకు

ఒంటి వేడిని దించడానికి నొవాకో రిలాక్సేషన్ సాధనను వాడారు. దాని వెనక షికాగోకు చెందిన వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ కృషి ఉంది. ఆయన 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' పుస్తకం ప్రచురించారు. కండరాలను ఒక్కో గుంపుగా బిగించి వదిలితే, బిగువుకూ వదులుకూ ఉన్న తేడా ఒంటికి తెలుస్తుంది. మొదట్లో ఇరవై నిమిషాలు పట్టే ఈ సాధన, రోజూ చేస్తూ ఉంటే, ఒక నిండు ఊపిరి వదిలే లోపల అందుబాటులోకి వస్తుంది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో జెర్రీ డెఫెన్‌బాకర్ తర్వాతి రోజుల్లో దీన్ని రోడ్డు మీద వచ్చే కోపానికి అమర్చారు. 1994లో ఆయన బృందం డ్రైవింగ్ కోపాన్ని కొలిచే ప్రశ్నావళినీ తయారుచేసింది. స్టీరింగు మీద చేతులుండగా కళ్ళు మూసుకుని పడుకోలేం కదా. ఒక్క మాట అనుకుని భుజాలు వదిలేసేంతగా సాధనను కుదించడం ఇందుకే.

నొవాకో ఈ అతుకు అవసరమా అని పరీక్షించి చూశారు. కోపంతో ఇబ్బంది పడే 34 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆలోచనల శిక్షణ, రిలాక్సేషన్ రెండూ ఇచ్చారు. రెండో గుంపుకు ఆలోచనల శిక్షణ, మూడో గుంపుకు రిలాక్సేషన్ మాత్రమే. నాలుగో గుంపు వాళ్ళ మాటలు శ్రద్ధగా విన్నారు, నేర్పు ఏదీ నేర్పలేదు. తర్వాత వాళ్ళను రెచ్చగొట్టి చూశారు: ఊహలో, అభినయంలో, నేరుగా కూడా. వాళ్ళు చెప్పింది రాసుకోవడమే కాక రక్తపోటూ కొలిచారు. రెండూ కలిపి నేర్చుకున్న గుంపు అందరికంటే బాగుపడింది. ఆలోచనల శిక్షణ ఒక్కటే పొందినవాళ్ళు రిలాక్సేషన్ మాత్రమే చేసినవాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. తాను కట్టినదాన్ని తానే విడదీసి ఏ భాగం ఎంత బరువు మోస్తోందో చూసుకోవడం ఆయన నిజాయితీకి గుర్తు.

మెట్లు ఎక్కించడం

నేర్చుకున్నది సోఫాలో కూర్చుని ఒప్పజెబితే చాలదు. చికిత్సలో డైరీ తొలి దశ, మాటలూ ఊపిరీ నేర్చుకోవడం రెండో దశ. మూడో దశలో మెట్లు కడతారు. ఆ మనిషికి కోపం తెప్పించే సందర్భాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుస పెడతారు. బ్యాంకు ఉద్యోగిని వరుసలో మొదటి మెట్టు, అన్నం తింటుండగా కస్టమర్ "మేడమ్, ఒక్క నిమిషం" అనడం. మధ్య మెట్టు కొడుకు ఫోను. చివరి మెట్టు, చుట్టాల ముందు అత్తగారు "ఉద్యోగం చేసి ఏం ఉద్ధరించావమ్మా, పిల్లవాడి చదువు చూడలేకపోయాక" అనడం. ఒక్కో సందర్భాన్ని ముందు కళ్ళు మూసుకుని ఊహిస్తుంది. కోపం లేచేదాకా ఆ దృశ్యంలో ఉంటుంది, నేర్చుకున్న మాటలతో, ఊపిరితో దించుకుంటుంది. అది పట్టుబడ్డాక థెరపిస్టు అత్తగారి పాత్ర వేసి ఆ మాటే అంటారు. ఆమె జవాబు చెప్పాలి. గొంతు లేవకూడదు, మాట మింగకూడదు కూడా. "అత్తయ్యగారూ, వాడి చదువు గురించి నాకూ దిగులుగానే ఉంది. మనం రాత్రి మాట్లాడుకుందాం. అందరి ముందు అంటే నాకు కష్టంగా ఉంది."

ఆ మూడు వాక్యాలకు వారాలు పడతాయి. మొదటిసారి ఆమె ఏడుస్తుంది, రెండోసారి కస్సుమంటుంది. మూడోసారి మరీ నెమ్మదిగా, తప్పు చేసినదానిలా చెబుతుంది. థెరపిస్టు ప్రతిసారీ ఆపి, "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ బిగువుగా ఉంది?" అని అడుగుతారు. కింది మెట్టు మీద కాలు నిలిచేదాకా పై మెట్టు జోలికి వెళ్ళరు. తొందరపడితే ఆ గదిలోనే ఇంకో ఓటమి చేతికిచ్చినట్టవుతుంది.

థెరపిస్టు చెయ్యి కూడా ఈ పనితనంలో భాగమే. కోపంగా ఉన్న మనిషి మొదట అడిగేది, "నాదే తప్పంటారా?" అని. అవునంటే లేచి వెళ్ళిపోతారు. కాదంటే కోపానికి ఇంకో సాక్షి దొరికినట్టే. అనుభవం ఉన్న థెరపిస్టు ఆ రెండింటి మధ్య నిలబడగలరు. ఆమె పడిన బాధను పూర్తిగా ఒప్పుకుంటారు, ఆమె చేసిన పనిని ఒప్పుకోరు. కోపానికి కారణం ఉందనీ, కొట్టడానికి ఆ కారణం చాలదనీ ఒకే సెషన్‌లో, ఒకే మర్యాదతో చెప్పగలగాలి. ఏ పుస్తకమూ ఇది పూర్తిగా నేర్పలేదు.

పని నిలబడిందా

1998లో బెక్, ఫెర్నాండెజ్ అప్పటిదాకా వచ్చిన 50 అధ్యయనాలను, వాటిలోని 1,640 మందిని కలిపి లెక్కగట్టారు. ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే చికిత్స తీసుకున్న సగటు మనిషి, చికిత్స తీసుకోనివాళ్ళలో 76 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. 2024లో సోఫీ కియార్విక్, బుష్‌మన్ 154 అధ్యయనాలను, పది వేల మందికి పైగా మనుషులను కలిపి చూశారు. ఒంటి ఉద్రేకాన్ని దించే పనులు, అంటే నిండు ఊపిరి, ధ్యానం, కండరాలు వదులు చేయడం వంటివి, కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకాన్ని పెంచే పనులు మొత్తం మీద తగ్గించలేదు. 1975లో నొవాకో వేసిన అతుకు దాదాపు యాభై ఏళ్ళ తర్వాత కూడా గట్టిగానే ఉందన్నమాట.

మరీ కష్టమైన మనుషుల దగ్గర ఈ చికిత్సను ఎలా మలిచారన్నది ఇంకా ముచ్చటైన సంగతి. ఇంగ్లండులోని నార్త్‌గేట్ ఆసుపత్రిలో జాన్ టేలర్, నొవాకో కలిసి మేధోవైకల్యం ఉండి, నేర చరిత్ర కూడా ఉన్న పురుషులతో పనిచేశారు. మొత్తం 18 సెషన్లు. వాటిలో మొదటి ఆరు కేవలం సన్నాహం. చికిత్స అంటే ఏమిటో, ఎందుకో, ఇది ఇద్దరం కలిసి చేసే పని అని చెప్పడం, తన కోపానికి తాను పేరు పెట్టడం నేర్పడం, భయం పోగొట్టడం. కోపంతోనే బతుకంతా కాచుకున్న మనిషిని అది వదిలెయ్యమంటే వణికిపోతాడు. ఆ వణుకును మొండితనం అనుకోకుండా దానికి ఆరు సెషన్లు కేటాయించారు. చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

వియత్నాం యుద్ధం నుంచి వచ్చి, యుద్ధ భయం వదలని మాజీ సైనికుల మీద 1997లో అచ్చయిన అధ్యయనంలో 12 సెషన్ల చికిత్స కోపాన్ని అదుపు చేసుకునే శక్తిని పెంచింది. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ళు కొద్దిమందే, కాబట్టి దాని మీద మరీ పెద్ద భవనం కట్టకూడదు. జైళ్ళలో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తూతూమంత్రంగా నడిపే పొట్టి కార్యక్రమాల ఫలితాలు చిన్నవిగానే ఉన్నాయని ఆస్ట్రేలియా అనుభవం చెప్పింది. మారాలని తానుగా సిద్ధమైనవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది.

దీని హద్దులు కూడా చెప్పాలి. ఆఫీసులో పైవాడు తిట్టినా చేతులు కట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి భార్యను కొట్టేవాడికి కోపం అదుపులో లేదనడం సరికాదు. అతనికి అదుపు బాగానే ఉంది, ఎక్కడ వదలాలో తెలుసు. అది పెత్తనం, హింస. దానికి ముందు కావాల్సింది ఆ స్త్రీకి రక్షణ, చట్టం. కోపం చికిత్స పేరుతో దాన్ని మాఫీ చెయ్యకూడదు. అలాగే చిరాకు వెనక డిప్రెషన్, బైపోలార్, మద్యం, తలకు తగిలిన దెబ్బ ఉండొచ్చు. అందుకే మొదట సరిగ్గా పరీక్షించే చోటికి వెళ్ళాలి.

మన దగ్గర ఆ చోటికి వెళ్ళడానికే సిగ్గు అడ్డం. హైదరాబాదులో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరునూ, విశాఖలో పిచ్చాసుపత్రి పేరునూ తిట్టుగా వాడతాం. ఆ తిట్టు వల్ల ఎన్ని ఇళ్ళలో పిల్లలు దెబ్బలు తిన్నారో లెక్క లేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. అక్కడి నుంచి దగ్గర్లోని డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు దాకా దారి చూపిస్తారు.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళినవాళ్ళు పనిని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్ళు చాలు. మొదటి రోజే సలహాలిచ్చారా, లేక ఎన్నిసార్లు, ఎంత తీవ్రంగా, ఎంతసేపు అని అడిగారా? డైరీ ఇచ్చారా, వచ్చే వారం దాన్ని తెరిచి చూశారా? ఒంటికి ఒక సాధన, మనసుకు ఒక సాధన, రెండూ నేర్పారా? మీ ఎదుట మీకు కోపం తెప్పించే మనిషిగా నటించి, మీ చేత జవాబు చెప్పించారా? గొడవ తర్వాతి రాత్రి గురించి అడిగారా? ఇవన్నీ ఉంటే మీరు మంచి చేతుల్లో ఉన్నారు.

ఈ చికిత్స కోపంలో ఉన్న న్యాయాన్ని పారేయదు. అందుకే దాన్ని ఇంతగా మెచ్చుకుంటున్నాను. మన బ్యాంకు ఉద్యోగిని డైరీలో పక్క సీటు పని తన నెత్తిన పడుతోందన్న గళ్ళు పదేపదే కనిపించాయి కదా. ఆ కోపం సరైనదే. అది తప్పు చోట, కొడుకు మీద, రాత్రి ఎనిమిదింటికి బయటపడేది. చికిత్స బాగా సాగితే ఆమె ఒక ఉదయం మేనేజరు గదిలోకి వెళ్ళి, తేదీలతో సహా కాగితం ముందు పెట్టి, పని పంపకం మార్చమని గొంతు లేవకుండా అడుగుతుంది. మేనేజరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఎవరికి రాయాలో కూడా ఆమె ముందే ఆలోచించుకుని ఉంటుంది. కొడుకు దెబ్బలు తినడు, ఆమె మాట వెళ్ళాల్సిన చోటికి వెళుతుంది. కోపం అదుపు చేసుకోవడమంటే ఇదేనని చెప్పగలిగిన చికిత్సను మన ఊళ్ళల్లో, మన భాషలో, సిగ్గుపడకుండా అడిగి తీసుకోవాలి.